యాంటీబయాటిక్ మానేసిన దాణాలో వాము, వెల్లుల్లి, పసుపు ఎంతవరకు ఆదుకుంటాయి?

కోళ్ల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

బెంగళూరు చుట్టూ హొస్కోటె, మాలూరు, చింతామణి, దేవనహళ్లి వైపు షెడ్లు నడుపుతున్న తెలుగు రైతుల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా ఒకే విషయం మీద వచ్చాయి. బరువు కోసం దాణాలో వేసే యాంటీబయాటిక్ మానేశాక దాని చోట ఏ మూలిక, ఎంత, ఎలా వేయాలన్నదే అందరి ప్రశ్న.

ప్రశ్న: హొస్కోటె దగ్గర మాకు 6,000 బ్రాయిలర్ల షెడ్డు ఉంది. దాణా సొంతంగా కలుపుకుంటాం. రెండు బ్యాచ్‌ల నుంచి యాంటీబయాటిక్‌నీ, కాక్సీడియోసిస్ (పేగులో పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు) మందునీ ఆపేసి టన్నుకు 5 కిలోల పసుపు, 5 కిలోల వెల్లుల్లి పొడి వేస్తున్నాం. రెండుసార్లూ 22, 23 రోజులకల్లా రెట్ట పలచబడి నారింజ రంగు జిగురుతో పడింది. షెడ్డు నేల మీద పరిచిన ఊక ముద్దకట్టింది. ఇంకే మూలిక కలపమంటారు?

జవాబు: ఇప్పుడు కొత్తగా ఏదీ కలపకండి. లోపం పసుపులోనో వెల్లుల్లిలోనో లేదు. రెండు కాపలాలనూ ఒకేసారి తీసేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కోడి పేగులోనూ కొద్దిగా ఉంటుంది, ఊరికే ఉంటే హాని చేయదు. కాక్సీడియా అనే పరాన్నజీవులు పేగు గోడను దెబ్బతీసినప్పుడు అక్కడ ప్రోటీన్ ఊరుతుంది. అదే ఆ బ్యాక్టీరియాకు విందు. అది పెరిగి విషం వదిలితే పేగు లోపలి పొర చచ్చిపోతుంది. నెక్రోటిక్ ఎంటెరైటిస్ అంటే ఇదే. సాధారణంగా రెండు నుంచి ఐదు వారాల వయసులో కనిపిస్తుంది, మీ 22వ రోజు సరిగ్గా అందులోనే పడుతుంది. దాణాలోని యాంటీబయాటిక్ ఇన్నాళ్లూ ఈ బ్యాక్టీరియాను అణచిపెట్టింది, కాక్సీడియోసిస్ మందు గాయం పడకుండా చూసింది. డెన్మార్క్‌లో బ్రాయిలర్ల దాణాలో బరువు కోసం వేసే యాంటీబయాటిక్‌లను 1998లో ఆపేసినప్పుడు నెక్రోటిక్ ఎంటెరైటిస్ పెద్దగా విజృంభించలేదు. అక్కడి రైతులు సాలినోమైసిన్ వంటి కాక్సీడియోసిస్ మందులను కొనసాగించడం అందుకు ఒక ముఖ్య కారణం.

మొదట రోగమేదో తేల్చుకోండి. చనిపోయి రెండు మూడు గంటలు దాటని కోళ్లు నాలుగైదు పట్టుకుని హెబ్బాళలోని పశువైద్య కళాశాలకో, మీ తాలూకా పశువైద్యుడి దగ్గరకో వెళ్లండి. ఆలస్యమైతే పేగు కుళ్లి ఏమీ తెలియదు. నడిమి పేగు ఉబ్బి, లోపల నారింజ రంగు జిగురు ఉంటే ఐమేరియా మాక్సిమా అనే కాక్సీడియా మీద అనుమానం. కోసి చూసినప్పుడు లోపలి పొర వాడిపోయిన టర్కీ తువ్వాలులా గరుగ్గా, గోధుమ రంగులో ఉండి దుర్వాసన కొడితే నెక్రోటిక్ ఎంటెరైటిస్. చివరనున్న రెండు గుడ్డి పేగుల్లో నెత్తురు నిండి ఉంటే ఐమేరియా టెనెల్లా. పసుపు ఐమేరియా మాక్సిమా మీద కొంత పనిచేస్తుంది, టెనెల్లా మీద దాన్ని నమ్ముకోలేం.

తర్వాతి బ్యాచ్‌లో కాక్సీడియోసిస్ మందును మళ్లీ పెట్టండి, యాంటీబయాటిక్‌ను మాత్రం పెట్టకండి. కాక్సీడియోసిస్ టీకా వేయిస్తే ఈ మందు అక్కర్లేదు, రెండూ కలిపితే టీకా వృథా. ఇంకో హెచ్చరిక: మోనెన్సిన్, సాలినోమైసిన్ ఉన్న దాణా తినే కోళ్లకు దగ్గు, గురక వచ్చిందని టియామ్యులిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కాళ్లు పడిపోయి చనిపోతాయి. దాణాలో ఏముందో పశువైద్యుడికి ముందే చెప్పండి.

ఇక ఊక సంగతి. మూలికల కన్నా దీనికే ఎక్కువ మార్కులు వేస్తాం. నిపుల్ లైన్ (కోళ్లు తాగే నీటి గొట్టం) కింద, గోడ పక్కన, షెడ్డు నడుమ మూడు చోట్ల గుప్పెడు ఊక తీసి గట్టిగా పిండి, గుప్పిట తెరవండి. ముద్దలా నిలిచి, వేలితో తాకగానే పగిలిపోతే తేమ సరిగా ఉన్నట్టు. తాకినా పగలకుండా లడ్డూలా నిలిస్తే తడి ఎక్కువ. అసలు ముద్దే కట్టకపోతే మరీ పొడిగా ఉండి దుమ్ము లేస్తుంది. నిపుల్ కింద మాత్రమే లడ్డూ కడుతోందంటే రోగానికన్నా ముందు నీటి లైను చూడాలి. కోడి పాదాలు నేలకు పూర్తిగా ఆని, మెడ చాచి, తల పైకెత్తి తాగేలా నిపుల్ ఎత్తు ఉండాలి. తక్కువ ఎత్తులో ఉంటే పక్కనుంచి పొడుస్తుంది, సగం నీళ్లు ఊకలోకే పోతాయి. పిల్ల పెరిగేకొద్దీ రెండు మూడు రోజులకోసారి లైను పైకి లాగాలి. తడిసిన ముద్దను తీసి పారేసి కొత్త ఊక వేయండి. దాని మీద సున్నం చల్లే అలవాటు చాలామందికి ఉంది. సున్నం పడితే ఊకలోని అమ్మోనియా ఇంకా ఎగదన్నుతుంది. కోళ్లు లోపల ఉన్నప్పుడు ఆ పని చేయకండి.

దాణాలో చేపపొడి, గోధుమలు ఎక్కువ వేస్తుంటే తగ్గించండి. చేపపొడి ప్రోటీన్ క్లాస్ట్రీడియానికి మేతవుతుంది. గోధుమల్లోని అరగని పీచు పేగులో జిగురు పెంచుతుంది. ఇవన్నీ సర్దుకున్న షెడ్డులో మూలికలు బాగా కలిసొస్తాయి. తడి ఊక మీద ఏ మూలికా నిలబడదు.

ప్రశ్న: కంపెనీలు అమ్మే 'థైమాల్' పొడి మన వామే అంటున్నారు. వాము కొని దంచి కలుపుకుంటే సరిపోదా? (చింతామణి)

జవాబు: సరుకు ఒకటే, మోతాదు లెక్కలో తేడా వస్తుంది. వాములో ఆవిరి నూనె 2 నుంచి 4 శాతం. ఆ నూనెలో థైమాల్ సగానికి అటూ ఇటూ. అంటే కిలో వాములో 25 గ్రాముల నూనె, అందులో 12 గ్రాముల థైమాల్ అనుకోండి. టన్ను దాణాకు 100 గ్రాముల థైమాల్ అందాలంటే 8 కిలోల వాము కావాలి. రైతులు మామూలుగా 'కొంచెం వేశాం' అని చెప్పే కిలో వాముతో వాసన తప్ప ఏమీ రాదు. 8 కిలోల ధర కంపెనీ పొడి ధరతో పోల్చి చూడండి, చాలాసార్లు వామే ఖరీదు పడుతుంది.

నాటు మందుల దుకాణాల్లో దొరికే వాము పువ్వు దాదాపు శుద్ధమైన థైమాల్ స్ఫటికం. దాన్ని నేరుగా దాణాలో చల్లడం ప్రమాదం. ఒకచోట గడ్డలా పడితే ఆ గుప్పెడు తిన్న కోడి నోరు, కంఠం మండిపోతాయి. సుమారు 50 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి దాణాలో ఎలాగూ వేసే నూనెలోంచి రెండు లీటర్లు తీసి గోరువెచ్చగా చేసి, 100 గ్రాములు పూర్తిగా కరిగించి, ఆ నూనెను 10 కిలోల తవుడుకు పట్టించాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మొదటి బ్యాచ్‌లో 50 గ్రాములతో మొదలుపెట్టండి. ఘాటు వాసనకు కోళ్లు మొదటి ఒకటి రెండు రోజులు మేత తగ్గించవచ్చు.

ఇది పిండి దాణాకే పనికొస్తుంది, అదీ వారం పది రోజుల్లో వాడేసేంత మాత్రమే కలుపుకోవాలి. గోనె సంచిలో నెల రోజులు ఉంచితే వాసన మొత్తం గాలికే పోతుంది. పెల్లెట్ మిల్లులో ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటుతుంది, అక్కడ పచ్చి నూనెలు నిలవవు. పెల్లెట్ దాణాకు కొవ్వు పూత వేసిన నూనె గుళికలు ఎంచుకోవాలి. ఆ పూత నూనెను పేగు దాకా కాపాడుతుంది కూడా. పూత లేనిదైతే చాలా భాగం పేగు మొదట్లోనే రక్తంలోకి పోయి, బ్యాక్టీరియా ఉండే కింది భాగానికి చేరదు.

ప్యాకెట్ కొనేటప్పుడు 'ఓరెగానో నూనె', 'లవంగ సారం' అన్న పేర్లను పట్టించుకోకండి. థైమాల్, కార్వాక్రాల్, సిన్నమాల్డిహైడ్, యూజినాల్ వీటిలో ఏది, ఎంత శాతం ఉందో లేబుల్ మీద వెతకండి. శాతం రాయని ప్యాకెట్‌ను అక్కడే వదిలేయండి.

ప్రశ్న: పసుపు, వెల్లుల్లి మోతాదు, కలిపే పద్ధతి వివరంగా చెప్పండి. మా మిక్సర్ 500 కిలోలది. (దేవనహళ్లి)

జవాబు: పసుపు టన్నుకు 5 కిలోలు చాలు. పసుపులో పనిచేసే కర్కుమిన్ 3 శాతం ఉన్న సరుకైతే 150 గ్రాముల కర్కుమిన్ అందినట్టు. 10 కిలోలు దాటితే ఖర్చు తప్ప లాభం కనిపించదు. పొడి కొనకండి. పాలిష్ పట్టని కొమ్ములు కొని మీరే పట్టించుకోండి. పసుపుపచ్చగా మెరవాలని కొమ్ములకు లెడ్ క్రోమేట్ రంగు పూసే మోసం ఉంది. ఆ సీసం కోడిలోకి, అక్కడినుంచి మన పళ్లెంలోకి వస్తుంది. కొమ్ము విరిస్తే టక్కున విరగాలి, వంగితే తేమ ఉన్నట్టు. తేమ ఉన్న మూలికల్లో బూజు, దాంతోపాటు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది. లివర్ బాగుకోసం కలిపింది లివర్‌నే పాడుచేస్తుంది.

వెల్లుల్లిలో పనిచేసే అల్లిసిన్ రెబ్బలో సిద్ధంగా ఉండదు. రెబ్బను నలిపినప్పుడు లోపలి ఎంజైమ్ దాన్ని తయారుచేస్తుంది. పచ్చి వెల్లుల్లి వాడితే దంచి పది పదిహేను నిమిషాలు అలా వదిలి, తవుడులో కలిపి, అదే రోజు పెట్టేయాలి. మిగిలిన తడి దాణా మర్నాటికి పులుస్తుంది. ఇది 200, 300 కోళ్లకు బాగుంటుంది, టన్నుల లెక్కకు పనికిరాదు. పొడి వాడేవారు తక్కువ వేడిలో ఆరబెట్టినదే తీసుకోవాలి. గట్టిగా వేడిచేసి ఎండబెడితే ఎంజైమ్ చచ్చిపోయి కూర వాసన మిగులుతుంది, గుణం పోతుంది. మూడు కిలోల పచ్చి వెల్లుల్లి ఎండితే కిలో పొడి వస్తుందని లెక్క వేసుకోండి. టన్నుకు 5 కిలోల పొడి దాటకండి. యశవంతపురం యార్డులో ధర దిగినప్పుడు నాసిరకం రెబ్బలు చవగ్గా దొరుకుతాయి గానీ, నల్లమచ్చ పడినవీ మెత్తబడినవీ ఏరి పారేయాలి.

మీ మిక్సర్‌కు సగం టన్ను లెక్కన 2.5 కిలోల పసుపు, 2.5 కిలోల వెల్లుల్లి పొడి. ఈ 5 కిలోలను ముందు 5 కిలోల మొక్కజొన్న పిండితో గోతం మీద కలపండి. ఆ పదికి మరో 10, ఆ ఇరవైకి మరో 20 కిలోలు చేర్చండి. ఈ 40 కిలోలను మిక్సర్‌లో సగం దాణా పడ్డాక వేసి, మిగతా సగం పైన వేయండి. నూనె ఎప్పుడూ చివరనే. నూనె ముందు పడితే పొడి గోడలకు, బ్లేడులకు అంటుకుపోతుంది. పసుపు వల్ల ఒక సౌకర్యం ఉంది: దించిన దాణాలో సంచికి గుప్పెడు చొప్పున ఐదారు సంచుల్లోంచి తీసి తెల్లకాగితం మీద పక్కపక్కన పోయండి. రంగు ఒకేలా ఉంటే కలపడం కుదిరింది. ఒకటి ముదురు, ఒకటి లేత అయితే మరో రెండు మూడు నిమిషాలు తిప్పాలి.

ప్రశ్న: చలికాలం పట్టాలు దించితే షెడ్డులో అమ్మోనియాతో కళ్లు మండుతున్నాయి. యుక్కా అనే మొక్క సారం బదులు కుంకుడుకాయ పొడి దాణాలో వేయవచ్చా? (దొడ్డబళ్లాపురం)

జవాబు: వద్దు. రెండింట్లోనూ నురగనిచ్చే సపోనిన్లే ఉన్నా కుంకుడు చేదుకు కోళ్లు మేత మానేస్తాయి. యుక్కా సారం టన్నుకు 100 నుంచి 150 గ్రాములు వేస్తే వాసన కొంత తగ్గుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఇక్కడ 15 డిగ్రీల దాకా దిగినా, పట్టాను పైనుంచి అడుగు మేర తెరిచే ఉంచండి. చల్లగాలి కోడి మీద పడకుండా పైకి పోయే దారి అది. మీ కళ్లు మండాయంటే కోళ్ల ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతింటున్నాయి.

ప్రశ్న: మేం కంపెనీకి కాంట్రాక్టు మీద పెంచుతున్నాం. దాణా వాళ్లదే. మూలికల ద్రావణం నీళ్లలో ఇవ్వవచ్చా? (మాలూరు)

జవాబు: ముందు లైన్ సూపర్‌వైజర్‌ను అడిగి, కంపెనీ దాణాలో ఏం కలుస్తోందో తెలుసుకోండి. వాళ్లు వేసిన నూనెలే మీరూ నీళ్లలో ఇస్తే మోతాదు రెట్టింపై మేత తగ్గుతుంది. ఒప్పందంలో బయటి మందులు వాడకూడదని ఉంటే గ్రోయింగ్ ఛార్జీల (పెంచినందుకు కంపెనీ ఇచ్చే డబ్బు) దగ్గర మాట పడుతుంది.

నీళ్లలో ఇచ్చేదైతే నీటిలో కలిసిపోయేలా తయారైన ద్రావణమే కావాలి. మామూలు నూనె ట్యాంకులో పైన తేలిపోతుంది, ట్యాంకు అడుగంటే వేళకు చివరి కోళ్లకు మొత్తం ఒకేసారి వెళ్తుంది. ఇంట్లో కాచిన కషాయం బట్టలో వడకట్టినా నిపుల్‌లో నలక చేరి ఆగిపోతుంది, లేదా కారుతూనే ఉండి ఊక తడుపుతుంది. కషాయంలోని తీపి, పిండి పైపుల లోపల జిగురుపొర కట్టి బ్యాక్టీరియాకు ఇల్లవుతుంది. పిల్లలు దిగకముందు, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడే, 50 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 లీటర్లు 94 లీటర్ల నీళ్లలో కలిపి పైపులు నింపి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు ధారగా కడిగేయండి. రోజువారీ నీటికి 1,000 లీటర్లకు 10 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ వేస్తే సుమారు 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాముల) క్లోరిన్ వస్తుంది. చివరి నిపుల్ దగ్గర కూడా క్లోరిన్ ఉందో లేదో టెస్ట్ కిట్‌తో చూడాలి. టీకా ఇచ్చే ముందు రోజు, ఇచ్చే రోజు, మర్నాడు క్లోరిన్‌గానీ మూలికలుగానీ నీళ్లలో ఉండకూడదు.

ప్రశ్న: ఇవన్నీ వేస్తే నిజంగా డబ్బు మిగులుతుందా? (హొస్కోటె)

జవాబు: మీరే తూచి చూసుకోవాలి. రెండు కిలోల కోడి 1.65 ఎఫ్‌సీఆర్ మీద (కిలో బరువుకు 1.65 కిలోల దాణా లెక్కన) 3.3 కిలోల దాణా తింటుంది. అంటే టన్ను దాణా సుమారు 300 కోళ్లకు. మూలికల వల్ల ఎఫ్‌సీఆర్ 0.03 తగ్గిందనుకుంటే కోడికి 60 గ్రాములు, 300 కోళ్లకు 18 కిలోల దాణా ఆదా. కిలో దాణా 40 రూపాయలైతే 720 రూపాయలు. టన్నుకు మూలికల ఖర్చు అంతకు లోపు ఉంటేనే లాభం. కిలో 250 రూపాయల వెల్లుల్లి పొడి 5 కిలోలు వేస్తే 1,250 అవుతుంది, నష్టమే. అందుకే పెద్ద షెడ్లకు గ్రాముల లెక్కన పడే సారాలు, చిన్న షెడ్లకు ఇంటి మూలికలు నప్పుతాయి.

పరీక్షకు షెడ్డును వలతో రెండుగా చీల్చండి. ఒకే హేచరీ పిల్లలు, ఒకే రోజు, రెండు వైపులా ఒకే సంఖ్య. ఒకవైపు మూలికల దాణా, మరోవైపు అదే దాణా మూలికలు లేకుండా. సంచులకు రంగు తాడు కట్టకపోతే పనివాళ్ల చేతిలో మూడో రోజుకే కలిసిపోతాయి. వారానికోసారి ఒక్కోవైపు 50 కోళ్లను, ఎదురుపడ్డ వరుసలో, ఎంచకుండా పట్టి తూచండి. చచ్చినవాటి బరువూ రాసుకోండి. ఒక బ్యాచ్ చూసి తీర్పు చెప్పకండి. కనీసం మూడు బ్యాచ్‌లు, అందులో ఒకటి వానాకాలంలో పడాలి. రెండోసారి వైపులు మార్చండి. ఎండ తగిలే వైపు, గాలి తగిలే వైపు వేరైతే ఆ తేడాయే మూలిక గొప్పగా కనిపించవచ్చు.

ప్రశ్న: కె.ఆర్.పురం దగ్గర ఇంటి వెనక 20 గిరిరాజా కోళ్లున్నాయి. పసుపు, వేపాకు పెడుతుంటే టీకాలు అక్కర్లేదంటున్నారు. నిజమేనా? (గృహిణి)

జవాబు: నిజం కాదమ్మా. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది, పసుపూ వేపాకూ దాన్ని ఆపలేవు. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా చుక్కలు, 8 వారాలు నిండాక ఆర్2బి సూది వేయించండి. మశూచి టీకా గురించి కూడా అప్పుడే అడగండి. ఒక సీసా తెరిస్తే వందల కోళ్లకు సరిపోతుంది, చుట్టుపక్కల వాళ్లంతా ఒకే రోజు వేయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది. మునగాకు గుప్పెడు తరిగి పెట్టండి, సొన పచ్చగా వస్తుంది. వేపాకు చేదుకు మేత తగ్గిస్తే మానేయండి.

ప్రశ్న: యాంటీబయాటిక్ మానేయడమంటే జబ్బు చేసినా ఇవ్వకూడదా? చట్టం ఏమంటోంది? (చింతామణి)

జవాబు: జబ్బు చేసిన కోడిని వైద్యం లేకుండా వదిలేయమని ఎవరూ అనరు. మానాల్సింది బరువు కోసం, ముందుజాగ్రత్త పేరుతో రోజూ దాణాలో వేసేది. స్వీడన్ 1986లోనే దాన్ని ఆపింది, యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి మొత్తంగా నిషేధించింది. మన దేశంలో కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, దాణాకు 2019 జులైలో నిషేధించారు. ఆస్పత్రుల్లో మిగతా మందులు పనిచేయనప్పుడు మనుషులకు చివరగా ఇచ్చే మందు అది. పాత స్టాకు డబ్బా ఉన్నా వాడకండి.

కోళ్లకు తరచూ ఇచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ కోడి ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. మన ఇళ్లలో జ్వరాలకు, విరేచనాలకు డాక్టరు రాసే మాత్ర అదే. మందు తట్టుకునే బ్యాక్టీరియా షెడ్డులో పుడితే అది ఎరువుతోపాటు పొలానికీ, మాంసంతోపాటు వంటింటికీ వస్తుంది. అమెరికా 2005లో ఈ మందును కోళ్లకు ఆపేసింది కూడా అందుకే. కాబట్టి యాంటీబయాటిక్ ఇవ్వాల్సి వస్తే పశువైద్యుడి చీటీతో, వీలైతే కల్చర్ పరీక్ష చేయించి ఏ మందు పనిచేస్తుందో తెలిశాకే ఇవ్వండి. చెప్పినన్ని రోజులూ పూర్తి మోతాదు ఇచ్చి, మందు ఆపాక ఎన్ని రోజులు ఆగాలని లేబుల్ మీద ఉందో ఆ గడువు ముగిసేదాకా కోడిని అమ్మకండి.

ఆ రోజుల్లో మిరియాలు, పిప్పళ్లు ఉన్న మూలికల పొడులు ఆపండి. వాటిలోని పైపరిన్‌కు ఒంట్లో మందులు విరిగిపోయే వేగాన్ని తగ్గించే గుణం ఉంది. అప్పుడు లేబుల్ మీది గడువును నమ్ముకోలేం. 'హెర్బల్' అని రాసిన పొడి రెండు రోజుల్లోనే విరేచనాలు టక్కున కట్టేస్తే సంతోషించకుండా అనుమానించండి. మూలికలు నెమ్మదిగా పనిచేస్తాయి. అందులో యాంటీబయాటిక్ కలిపారేమో మాంసంలో మందు అవశేషాల పరీక్షలో బయటపడుతుంది. బ్యాచ్ నంబరు కనిపించేలా 100 గ్రాముల పొడిని సీలుచేసి, బిల్లుతోపాటు దాచిపెట్టుకోండి. మాంసంలో అవశేషాలు దొరికి కొనుగోలుదారు లోడు తిప్పి పంపిన రోజున ఆ పొట్లమే మీ సాక్ష్యం.